చదివే పత్రంలో దాగిన ఆజ్ఞలు

నేడు సంఘాలకు సర్క్యులర్లు, దాణా బిల్లులు, ఆడిట్ నివేదికలు చాలావరకు పి.డి.ఎఫ్. పత్రాలుగా కంప్యూటరుకే వస్తున్నాయి. అది కాగితం వంటిదే, చదివితే ప్రమాదమేమిటని చాలామంది అనుకుంటారు. కాని ఆ పత్రంలో అక్షరాలతో పాటు కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలు కూడా ఉండవచ్చు. ఈ సంగతి సభ్యులందరూ తెలుసుకోవడం అవసరం.

అడోబ్ సంస్థ 1993లో పి.డి.ఎఫ్.ను ప్రవేశపెట్టింది. ఫారాలలో మొత్తాలు కూడటానికి, గడులు సరిగా నింపారో లేదో చూడటానికి జావాస్క్రిప్ట్ అనే ఆజ్ఞల భాషను తరువాత అందులో చేర్చారు. సౌకర్యం మంచిదే. అయితే పత్రం తెరవగానే, మనం ఏమీ నొక్కకుండానే, ఈ ఆజ్ఞలు నడిచేటట్లు అమర్చవచ్చు. చదివే సాఫ్ట్‌వేరులో లోపం ఉంటే వాటి ద్వారా దుండగులు కంప్యూటరునే స్వాధీనం చేసుకోగలరు.

ఇది ఊహ కాదు. 2009 డిసెంబరులో అడోబ్ రీడరులోని ఇటువంటి లోపాన్ని వాడుకొని దాడులు జరిగాయి. 2010 జనవరి 12న సవరణ వచ్చేవరకు జావాస్క్రిప్ట్‌ను ఆపి ఉంచుకొమ్మని ఆ సంస్థే సలహా ఇచ్చింది. పత్రాన్ని కంచెలో కట్టినట్లు విడిగా ఉంచి తెరిచే రక్షణను 2010 నవంబరులో కల్పించారు. 2013 ఫిబ్రవరిలో ఆ కంచెను కూడా దాటిన దాడి బయటపడింది. కనుక ఒక్క రక్షణనే నమ్ముకొని ఉండరాదు.

సంఘాలకు మేము సూచించేది ఇది:

1. అక్రోబాట్ రీడరులో ప్రిఫరెన్సెస్ తెరిచి, జావాస్క్రిప్ట్ విభాగంలో 'ఎనేబుల్ అక్రోబాట్ జావాస్క్రిప్ట్' ఎదుట ఉన్న గుర్తు తీసివేయాలి. మామూలు సర్క్యులరు చదవడానికి ఇది అక్కరలేదు. కొన్ని ఫారాలలో మాత్రం లెక్కలు వాటంతట అవి పడవు. వాటిని చేతితో కూడుకోవాలి.

2. ప్రొటెక్టెడ్ మోడ్‌ను ఆపరాదు.

3. సాఫ్ట్‌వేరు సవరణలు వచ్చిన వెంటనే వేయించాలి.

4. అనుకోని బిల్లు గాని, నోటీసు గాని వస్తే, తెరవకముందే పంపినవారిని అడగాలి. అందుకు మన రిజిస్టరులో ఉన్న ఫోను నంబరునే వాడాలి.

కొవ్వు, ఎస్.ఎన్.ఎఫ్. చూడనిదే మనం పాలు పోయించుకోము. పత్రం విషయంలోనూ అంత జాగ్రత్త ఉండాలి. సభ్యుల పాల బిల్లులు, బ్యాంకు ఖాతా నంబర్లు ఆ కంప్యూటరులోనే ఉంటాయి. అది పరుల చేతిలో పడితే నష్టపోయేది తెల్లవారుజామున పాలు పితికి తెచ్చిన రైతు. కాబట్టి పై నాలుగు పనులు జరిగినవా అని సభ్యులు రాబోయే సమావేశంలో తమ కార్యదర్శిని అడిగి తెలుసుకోవలసిందిగా కోరుతున్నాము.