గార ఎవరి తప్పు?

దంతవైద్యశాలను నడిపించే వ్యక్తికి రోగితో జరిపే సంభాషణే అన్నిటికన్నా కష్టమైనదని సాధారణంగా భావిస్తారు గానీ, తన కింద పనిచేసే యువవైద్యుని తప్పును అతనికే చెప్పవలసి రావడం అంతకన్నా కఠినమైనదని కర్నూలు, కడప జిల్లాల అనుభవం గమనించిన వారికి తోస్తుంది.

ఈ మెట్టసీమలో బోరునీటిపై ఆధారపడిన పల్లెలు అనేకం ఉన్నాయి. రాతిపొరల ఖనిజాల నుంచి కరిగి వచ్చే ఫ్లోరైడ్ కొన్నిచోట్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించుతుంది. శాశ్వత దంతాలపై ఉండే గట్టి పొరను ఎనామెల్ అంటారు. అది చాలావరకు చిగురు లోపలే, మొదటి ఎనిమిదేళ్లలో, రూపుదిద్దుకుంటుంది కనుక ఆ వయసులో అలాంటి నీరు తాగిన పిల్లల పళ్లపై తెల్లని చారలో, తీవ్రమైతే గోధుమరంగు మచ్చలో ఏర్పడతాయి. దంత ఫ్లోరోసిస్ అనే ఈ స్థితిని జనం గార అనే పిలుస్తారు. పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేసినా, గారపళ్లంటే తోముకోని పళ్లనే అపోహ నేటికీ పోలేదు.

పెళ్లిచూపులకు ముందు తల్లి వెంట వచ్చిన అమ్మాయిని యువవైద్యుడు "సరిగ్గా తోముకోవడం లేదా?" అని అడిగాడనుకుందాం. అక్కడ ఒకే తప్పు రెండు సంభాషణలను కోరుతుంది. పరులముందు మందలించరాదన్న నియమాన్ని పట్టుకుని పెద్దవైద్యుడు మౌనం వహిస్తే, ఆ అమ్మాయి చేయని తప్పును మోసుకుంటూ ఇంటికి వెళుతుంది, అది అన్యాయం. అందువల్ల "ఇది నీ తప్పు కాదమ్మా, చిన్నప్పుడు తాగిన నీళ్లది" అని అప్పటికప్పుడే చెప్పాలి, వైద్యుని ప్రస్తావన మాత్రం తేకూడదు. సమాచారాన్ని రోగి ఎదుటే సరిదిద్దాలి, నడవడిని ఏకాంతంలోనే.

ఆ ఏకాంతంలో అతని స్వభావంపై తీర్పు చెప్పకుండా, అన్న మాటను ఉన్నదున్నట్టు గుర్తుచేసి, అది విన్న అమ్మాయి ముఖం ఎలా మారిందో చెప్పి, ఆ ప్రశ్న ఎందుకు వేశాడో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినడం అవసరం. అతడు వేరే ప్రాంతం నుంచి వచ్చి, ఈ నీళ్ల సంగతి తెలియనివాడైతే, ఆ లోపంలో చెప్పని పెద్దకూ వాటా ఉంటుంది. దాన్ని ఒప్పుకోవడం వల్ల పెద్దరికం తగ్గదు. ఆ తరువాత కేసు షీటులో చిన్ననాటి ఊరు, తాగిన నీరు రాసే గడి చేర్చి, మరుసటి రోగిని "ఏ నీళ్లు తాగినారు?" అని అడిగే పని ఆ యువవైద్యునికే అప్పగించవచ్చు.