చాలునా, చాలదా? – ధన ఋణ సంఖ్యల విచారణ

మేము తెలుగు బోధించువారము. గణితము మా శాఖ కాదు. అయినను ఈ వ్యాసమునకు పూనుకొనుటకు ఒక కారణము కలదు. మన కళాశాలలో పట్టము పొందిన విద్యార్థులు కొందరు ఏటేటా ఐసెట్ పరీక్షకు కూర్చుండుచున్నారు. అందులో దత్తాంశ పర్యాప్తత అను భాగమునకు 20 ప్రశ్నలు కలవు. ఒక ప్రశ్న, దాని క్రింద రెండు వాక్యములు ఉండును. సమాధానము కనుగొనుమని అడుగరు. సమాధానము చెప్పుటకు మొదటి వాక్యము చాలునా, రెండవది చాలునా, రెండును కలిసిన చాలునా, కలిసినను చాలవా అని మాత్రమే అడుగుదురు. లెక్కలు బాగుగా వచ్చినవారు కూడ ఇక్కడ తప్పుచున్నారు. వారి అభ్యాసపు నోటుపుస్తకములు చూచిన పిదప, ఇది లెక్కలోని లోపము కాదు, చదువుటలోని లోపమని మాకు తోచినది. చదువుట మా శాఖయే కదా!

"క ధన సంఖ్యయా?" అని ప్రశ్న. మొదటి వాక్యము: క యొక్క వర్గము 49. రెండవ వాక్యము: క యొక్క ఘనము 343. మొదటిది చూడగానే 7 అని వ్రాసి, చాలునని గుర్తించువారు అనేకులు. −7 యొక్క వర్గము కూడ 49 అని వారెరుగని సంగతి కాదు. ఆ క్షణమున స్ఫురించదు. మేమును మొదటిసారి అట్లే వ్రాసి నవ్వులపాలైనాము. ఘనము గుర్తును దాచదు, కావున రెండవ వాక్యము ఒక్కటే చాలును. ధన ఋణములు రెంటి వర్గమును ధనమేయని, ఆ వర్గమునకు ధనమూలము, ఋణమూలము రెండును కలవని 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో చెప్పినాడు. ఆ గ్రంథమునే 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించినాడు.

ఉర్దూ మాధ్యమములో వీటిని ముస్బత్, మన్ఫీ అందురు. స్థిరపరచబడినది, నిరాకరింపబడినది అని భావము. తెలుగులో ధనము, ఋణము. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు నియమములు చెప్పినప్పుడు వాడిన మాటలివే. మా మట్టుకు మాకు, అప్పు తెలిసిన ఊరివారికి ఈ రెండవ జంటయే త్వరగా బోధపడుననిపించును.

నిజాంసాగరు కాలువ క్రింద చెరకు వేసిన ఇంటి లెక్క మన విద్యార్థులలో పలువురెరుగుదురు. బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర కర్మాగారము 1937లో నెలకొని 2015లో మూతపడినది. కాని చెరకు సొమ్ములో ఎరువుల బాకీ, కోత కూలి తీసివేయగా మిగులునదేమి అను ప్రశ్న మాత్రము పాతబడలేదు. ఇద్దరు అన్నదమ్ములు వేరువేరుగా సేద్యము చేయుచున్నారనుకొందము. "ఇద్దరును అప్పులోనే ఉన్నారా?" అని ప్రశ్న. మొదటి వాక్యము: ఇద్దరి శేషముల మొత్తము ఋణము. రెండవ వాక్యము: ఆ శేషముల లబ్ధము ధనము. (రూపాయలను రూపాయలతో గుణించు షావుకారు లోకమున లేడు, గుర్తు తెలియుటకే ఈ ఏర్పాటు.)

అన్నకు 8,000 మిగిలి తమ్మునికి 12,000 బాకీ నిలిచినను మొత్తము ఋణమే. అన్నకు 1,000, తమ్మునికి 3,000 చొప్పున ఇద్దరికిని బాకీ నిలిచినను ఋణమే. ఒకటి కాదనుచున్నది, మరొకటి ఔననుచున్నది. కావున మొదటి వాక్యము చాలదు. లబ్ధము ధనమన్నప్పుడు ఇద్దరి గుర్తు ఒకటేయని తెలియును. ఇద్దరును కలిగినవారో, ఇద్దరును బాకీదారులో తెలియదు. రెండు వాక్యములను కలిపినచో గుర్తు ఒకటే, మొత్తము ఋణము. ఇద్దరును అప్పులోనే ఉన్నారు. కలిసిన చాలును.

ఇందులో గమనింపదగిన మెలకువ ఒకటున్నది. చాలదని చూపుటకు రెండే ఉదాహరణలు చాలును, ఒకటి ఔననునది, ఒకటి కాదనునది. రెండును ఇచ్చిన వాక్యమునకు లోబడియుండవలెను. చాలునని చూపుటకు మాత్రము నూరు ఉదాహరణలైనను పనికిరావు, కారణము చెప్పవలెను.

"క ఋణము కాదు" అన్న వాక్యమును "క ధనము" అని చదువువారు సున్నను మరచినవారు. అట్లే "కను గచే భాగించిన 1 కంటె ఎక్కువ" అన్నచో, క పెద్దదని తొందరపడి వ్రాయుదురు. −6ను −2చే భాగించిన 3 వచ్చును, −6 పెద్దదా? గుర్తు తెలియని సంఖ్యతో అసమానతను గుణింపరాదు.

చివరిగా, నిరుడు తరగతిలో ఇచ్చిన సమస్య. "క, గల లబ్ధము ధనమా?" మొదటి వాక్యము: క వర్గమును గచే గుణించిన ధనము. రెండవ వాక్యము: కను గ వర్గముచే గుణించిన ఋణము. మొదటిదానివలన గ ధనమని, రెండవదానివలన క ఋణమని తేలును, లబ్ధము ఋణము. ఇంతవరకు చక్కగా చేసిన ఒక విద్యార్థిని చివరకు "చాలవు" అని గుర్తించినది. ఏమమ్మా అని అడుగగా, "ధనము కాదని తేలింది కదా సార్, ఇంకెట్ల చాలుతయి?" అన్నది. కాదు అనునది ప్రశ్నకు సమాధానము. చాలవు అనునది వాక్యములపై తీర్పు. ధనము కాదని నిస్సందేహముగా తెలిసినది, తెలియుటకు ఆ రెండు వాక్యములు చాలినవి. ఆ అమ్మాయి రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, మరునాటికి మరి పది సమస్యలు చేసి తెచ్చినది. రెండే తప్పినవి, ఆ రెండును సున్న దగ్గర.