కిక్‌బాక్సింగ్ క్లాసుకు ఏ వేగం పాట?

జిమ్‌లో గ్రూప్ క్లాసులు కొత్తగా మొదలుపెట్టిన ట్రైనర్లు పాటలు ఏరుకునేటప్పుడు ముందు చూసేది ఊపు. వినగానే ఒళ్లు కదలాలి, అంతే. జుంబాలో ఆ లెక్క చెల్లుతుంది. అడుగు వెనకబడితే నవ్వేసి అందుకోవచ్చు. కిక్‌బాక్సింగ్‌లో తన్నిన కాలు తిరిగి రావడానికి టైము చాలకపోతే భారం మోకాలి మీద, నడుం మీద పడుతుంది. కాబట్టి వేగం తేల్చాల్సింది చెవి కాదు, కాలు.

రౌండ్‌హౌస్ కిక్‌నే తీసుకోండి. మోకాలు ఎత్తాలి, తన్నాలి, కాలు ముడవాలి, కింద పెట్టాలి. బీటుకొక పని చొప్పున, నిమిషానికి 128 బీట్ల పాటలో మొత్తం కిక్‌కు సుమారు 1.9 సెకన్లు దొరుకుతాయి. 150 బీట్లయితే 1.6 సెకన్లే. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, కోత పడేది మూడో పని మీద. జనం కాలు ముడవకుండా అలాగే కింద పడేస్తారు. నేల మీదున్న పాదాన్ని తిప్పడం కూడా మానేస్తారు, ఆ మెలి మోకాలికి పోతుంది. గుద్దుల సంగతీ అంతే. ఎదురుగా బ్యాగు లేదు, గాలిలో చేతిని ఆపుకోవాల్సింది కండరమే. వేగం మించితే మోచెయ్యి ఫట్‌మని చివరిదాకా సాగిపోతుంది.

నా మటుకు కొత్త బ్యాచ్‌కు 120–128 చాలు. నాలుగైదు నెలలుగా వస్తున్నవాళ్లకు 130–135. 140 దాటిన పాటను వట్టి పంచ్‌లకే వాడండి, అదీ ఒక్క పాటకే. ఏసీ లేని హాల్లో, మే నెలలో, అదీ వద్దు. మరీ నెమ్మది కూడా మంచిది కాదు. కొత్తవాళ్లు ఒంటికాలి మీద నిలవలేక తూలిపోతారు.

128కి ఇంకో సుఖం ఉంది. 32 కౌంట్లు సరిగ్గా 15 సెకన్లలో పూర్తవుతాయి. ఎనిమిది కౌంట్ల కాంబో నాలుగుసార్లు చేసి వైపు మార్చొచ్చు. నాలుగు నిమిషాల పాటలో అలాంటివి పదహారు, ఎడమకు ఎనిమిది, కుడికి ఎనిమిది.

చిక్కు సినిమా పాటలతోనే. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతం మీ 32 కౌంట్లను లెక్కచేయదు. కొన్ని పాటలైతే మధ్యలో టక్కున ఆగిపోతాయి కూడా. ముందురోజే కౌంట్ చేస్తూ విని, ఎక్కడ తెగుతుందో రాసి పెట్టుకోండి. హైదరాబాద్‌లో క్లాసు చెబితే తీన్‌మార్ అడగకుండా ఉండరు. దాని నడక మూళ్లలో సాగుతుంది, జాబ్–క్రాస్ రెండేసి. వేగం పెంచేకొద్దీ చేతులు తాళం తప్పుతాయి. వద్దనకండి, వార్మప్‌కు పెట్టండి, భుజాలు ఊగడానికి అంతకంటే మంచిది లేదు.

బీట్లు కొలవడానికి యాప్ అక్కర్లేదు. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే సరి. యాప్ వాడితే మాత్రం ఒకసారి సరిచూసుకోండి, 128ని 64గా చూపించడం దానికి మామూలే. పాటను అయిదు శాతం దాకా వేగం పెంచినా వినడానికి బాగానే ఉంటుంది. అంతకు మించితే గొంతు కీచుమంటుంది.

ఉద్యోగంలో చేరేముందు పాటల లైసెన్సు ఎవరు కడతారో ఓనర్‌ని అడగండి. ఇంట్లో వినడానికి కట్టిన చందా జిమ్‌లో వాయించడానికి చెల్లదు.

ఊపు తగ్గిందనిపించినప్పుడు చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల మోత ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు. మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది, 94 దగ్గర గంటే. సభ్యులు వినేది రోజుకు ఒక్క క్లాసు, మీరు మూడో నాలుగో. జీతం మాట్లాడుకునేటప్పుడే హెడ్‌సెట్ మైకు కూడా అడగండి. మాట వినబడితే పాట తగ్గించొచ్చు.