నీళ్లు వదిలేస్తే సాక్ష్యం పోయినట్టే

ఈ నెలన్నరలో నా దగ్గరికి ఒకే రకం గొడవలు మూడు వచ్చాయి. మూడూ పాత స్విమ్మింగ్ పూల్‌కు కొత్త ప్లాస్టర్ వేయించాక మొదలైనవే. ఒకటి అపార్ట్‌మెంట్ సంఘానిది, ఒకటి గెస్ట్‌హౌస్ యజమానిది. మూడోది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయనది. ముగ్గురూ చేసిన తప్పు ఒక్కటే: కాంట్రాక్టరు మీద కోపంతో పూల్ ఖాళీ చేసి, అడుగు తోమించి, ఆ తర్వాత లాయరును వెతుక్కుంటూ వచ్చారు. నేను చూసేసరికి సాక్ష్యం కాస్తా మురుగుకాలవలో కలిసిపోయింది.

పెద్దాయన కేసే చెబుతాను, అది ఇంకా నడుస్తోంది. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చిన కుటుంబం. రిటైరయ్యాక చిన్న పూల్ లీజుకు తీసుకుని పిల్లలకు ఈత నేర్పుతున్నారు. పింఛను కాక ఇంట్లోకి వచ్చే సంపాదన అదే. ప్లాస్టర్ పెచ్చులూడుతుంటే 4 లక్షల పైచిలుకు పెట్టి కొత్తగా వేయించారు. కాంట్రాక్టరు నీళ్లు నింపించి, ఆ సాయంత్రమే ‘పని సంతృప్తికరంగా పూర్తయింది’ అన్న ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. నాలుగో రోజుకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. పదో రోజుకు అడుగున మచ్చలు, కాలు పెడితే గరుకు. ఫోన్ చేస్తే ‘నీళ్లు చూసుకోవడం మీ పని’ అన్నాడట.

“చూడలేకపోయాను బావూ, నీళ్లు వదిలేశాను. యాసిడ్ కొట్టి కడిగించేశాను.”

ఆయన చూపించిన ఫోటోల్లో శుభ్రంగా మెరిసిపోతున్న పూల్ ఉంది! దాన్ని పట్టుకుని ఏ వినియోగదారుల కమిషన్ ముందు ఏం నిరూపించను?

కొత్త ప్లాస్టర్ సంగతి కొంచెం తెలిస్తేనే ఈ గొడవ అర్థమవుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు అందులోంచి సున్నం బయటికి వస్తుంది. ఎక్కువగా మొదటి 28 రోజుల్లోనే, అదీ నీళ్లలోకి. దాంతో పీహెచ్ రోజురోజుకీ ఎక్కుతుంది, 8 దాటిపోతుంది. పట్టించుకోకపోతే సున్నం పొడిలా రాలి అడుగున పేరుకుని గార కడుతుంది. దీనికి భయపడి యాసిడ్ మరీ ఎక్కువ పోస్తే, ఆ నీళ్లే ప్లాస్టర్‌ను తినేస్తాయి. సున్నం తక్కువున్న మెత్తని నీళ్లు నింపినా అంతే, తమకు కావలసిన సున్నాన్ని గోడలోంచి లాక్కుంటాయి. బోరు నీటిలో ఇనుము ఉంటే క్లోరిన్ తగలగానే గోధుమరంగు మరక తేలుతుంది. నీరు సున్నాన్ని తింటుందా, కక్కుతుందా అని లెక్కగట్టే సూత్రాన్ని 1936లో అమెరికాలో లాంజెలియర్ అనే ఆచార్యుడు నీటి గొట్టాల కోసం రాశాడు. ఇప్పుడు పూల్ వాళ్లు వాడేదీ అదే. ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలర్లకు గార పట్టకుండా నీటిని కనిపెట్టుకున్న ఊరు మన ఖరగ్‌పూర్. ఈ విషయం మనకు కొత్త కాకూడదు.

అందుకే మొదటి నెలంతా పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్షారత్వం లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాముల మధ్య, కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 మధ్య ఉంచాలి. నింపడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, గోడ మీద గీత పడిపోతుంది. రోజుకు రెండుసార్లు బ్రష్‌తో తోమాలి. మొదటి మూడు రోజులు క్లోరిన్ వేయకపోవడం మేలు. క్లోరిన్ బిళ్లలైతే అడుగున ఎప్పుడూ పడేయకూడదు. యాసిడ్ నీళ్లలో పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. క్లోరిన్‌తో కలిపారంటే విషవాయువే. ఈ నెల రోజుల పని ఎవరిదో ఒప్పందంలో రాయించుకోనివాళ్లే నా దగ్గరికి వస్తున్నారు. పూల్ నీటి నాణ్యతకు ఐఎస్ 3328 అనే భారత ప్రమాణం ఉంది. ఆ నంబరు కూడా కాగితంలో వేయించుకోండి. 28 రోజులు గడవకుండా ‘సంతృప్తికరం’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. చదవలేని భాషలో ఉంటే అసలే వద్దు.

ఇక అసలు హెచ్చరిక. మచ్చ కనబడగానే నీళ్లు వదలకండి. ఎవరినీ ఈతకు దింపకండి, పూల్ మూసేయండి, కానీ నీళ్లు మాత్రం వదలకండి. కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, స్పీడ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ. ఫలానా తేదీన, ఫలానా గంటకు వచ్చి మీ ముందే నమూనా తీసుకోమని పిలవండి. వచ్చినా రాకపోయినా ఇద్దరు సాక్షుల ఎదుట రెండు సీసాలు నింపి, సంతకం చేసిన కాగితం అంటించి సీలు వేయండి. పీహెచ్ మాత్రం గట్టు మీదే అక్కడికక్కడ కొలవాలి, నిలవ నీటిలో అది మారిపోతుంది. అపార్ట్‌మెంట్ వాళ్ల కేసులో ఒక ఆఫీసు సిబ్బంది ఖాళీ మినరల్ వాటర్ సీసాలో నీళ్లు పట్టుకెళ్లి, సీలు లేకుండా నాలుగు రోజులు బీరువాలో పెట్టి, ఆ తర్వాత పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు చూసి నాకు ఒళ్లు మండింది. జీతం తీసుకుని చేసే పని ఇదా? మీ నమూనా మీరే తీయించుకోండి, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. రాలిన ప్లాస్టర్ పెచ్చులు కూడా కవర్లో దాచండి. తప్పు కలిపిన పాళ్లలో ఉందో, నీళ్లలో ఉందో వాటిని పరీక్షించే తేలుస్తారు.

నమూనా తీశాక చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం నష్టం లెక్కగట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకోవడానికి మీకున్న దారులేమిటో కూడా చూస్తారు. నీటిని మెల్లగా సరిచేయండి, ఏ రోజు ఏది ఎంత వేశారో నోటుపుస్తకంలో రాయండి. కాంట్రాక్టరు తనిఖీకి ఒప్పుకోకపోతే, ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి, నిపుణుణ్ణి కమిషనర్‌గా వేయమని అడగండి. అంతవరకూ నీళ్లు వదలకండి.

ఫిర్యాదుకు కలకత్తా పరుగెత్తక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. మనకైతే కంసావతి దాటి మేదినీపూర్. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కాంట్రాక్టరు ఫోన్లో ‘చూద్దాం, చేద్దాం’ అన్నంత మాత్రాన ఆ గడువు పెరగదు. గెస్ట్‌హౌస్ యజమానికి ఈ దారి కష్టం, అది వ్యాపారం కిందికి వస్తుంది కనుక సివిల్ కోర్టుకే పంపాను. మా పెద్దాయన మాత్రం స్వయంఉపాధితో బతుకుతున్నవారు కనుక చట్టం దృష్టిలో వినియోగదారుడే.

ఆయన కేసులో దెబ్బ యాసిడ్ దగ్గర తగిలింది. 2013 జులై 18న యాసిడ్ దాడికి గురైన లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు నుంచి యాసిడ్ అమ్మే దుకాణదారు కొన్నవారి గుర్తింపు కార్డు చూసి, అవసరం అడిగి, రిజిస్టరులో రాయాలి. ఎదుటి లాయరు ఆ రిజిస్టరే తెప్పించమన్నారు. మా నోటీసుకు ఆరు రోజుల ముందు తేదీతో ఈయన పేరు ఉంది. ‘ప్లాస్టర్‌ను తిన్నది మా పని కాదు, ఈయన పోసిన యాసిడ్’ అన్నది వాళ్ల వాదన. మచ్చలు యాసిడ్ కన్నా ముందే ఉన్నాయని చూపించడానికి మా దగ్గర నీళ్లు లేవు.

ఇప్పుడు మాకు మిగిలిన ఆధారం ఈత నేర్చుకునే ఓ అమ్మాయి ఎనిమిదో రోజున సరదాగా తీసిన వీడియో. అడుగున తెల్లని మరకలు అందులో కనిపిస్తున్నాయి. ‘ఈరోజే క్లోరిన్ వేసేయండి’ అని రెండో రోజు కాంట్రాక్టరు పెట్టిన వాట్సాప్ సందేశం కూడా ఉంది. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం ఫోన్ సొంతదారుది, రెండోది నిపుణుడిది. ఆ అమ్మాయి తండ్రి సంతకానికి ఒప్పుకున్నారు. ఫోన్ మార్చబోతున్నారట, కేసు తేలేదాకా ఆ పాత ఫోన్ అమ్మొద్దని చెప్పి వచ్చాను.