మణికట్టు నుంచి గుండెకు దారి

తెల్లవారుజాము. పెద్దాయన చేనికి నీళ్లు కట్టడానికి బయలుదేరాడు. ఇంతలో గుండెల మీద బండ పెట్టినట్టు అనిపించింది. నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. ఒళ్లంతా చెమట పట్టింది.

"గ్యాసు నొప్పిలే. పడుకుంటే తగ్గుద్ది" అన్నాడు.

భార్య ఊరుకోలేదు. కొడుకును లేపింది. కొడుకు 108కి ఫోను చేశాడు. పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ ఈసీజీ తీశారు. "ఇది గ్యాసు కాదు. గుండెపోటు. గుండెకు రక్తం ఇచ్చే నాళం పూడిపోయింది. వెంటనే తెరవాలి" అన్నాడు డాక్టరు.

పెద్దాయన భయపడ్డాడు. "ఛాతీ కోస్తారా? నేను కోయించుకోను. నన్ను ఇంటికి తీసుకుపోండి" అన్నాడు.

"కొయ్యరు పెదనాన్నా. మణికట్టు దగ్గర సూది గుచ్చుతారు. అక్కడి నుంచే పని చేస్తారు" అంది నర్సు.

"నొప్పి గుండెలో ఉంటే సూది చేతికా?" అని భార్య అడిగింది.

"నాడి ఎక్కడ చూస్తారు పెద్దమ్మా? బొటనవేలి వైపు, మణికట్టు మీద. అక్కడ కొట్టుకునేది రక్తనాళమే. కాలువ గట్టున ఎగువకు నడిస్తే చెరువు తూము దగ్గరకు చేరతాం. ఈ నాళం వెంట పోతే గుండె దగ్గరకు చేరతాం."

"మరి చెయ్యి పడిపోదా?" అన్నాడు కొడుకు.

"అరచేతికి రెండు నాళాలు రక్తం ఇస్తాయి. ఒకటి బొటనవేలి వైపు, ఇంకోటి చిటికెనవేలి వైపు. ఒకే మడికి రెండు కాలువలు ఉన్నట్టు. ఒకటి ఆగినా, మామూలుగా రెండోది చేతిని కాపాడుతుంది" అన్నాడు డాక్టరు.

పెద్దాయన సరేనన్నాడు.

మణికట్టుకు మత్తు సూది వేశారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. సుమారు 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి గొట్టాన్ని నాళంలోకి పంపారు. అది చేయి, భుజం దాటి గుండె దగ్గరకు చేరింది. దాని గుండా మందు నీళ్లు వదిలి, ఎక్స్‌రే తెర మీద చూశారు. పూడిక ఎక్కడుందో తెలిసింది. సన్నటి తీగను పూడిక దాటించారు. దాని మీదుగా చిన్న బుడగను పంపి ఉబ్బించారు. దారి తెరుచుకుంది. మళ్లీ మూసుకోకుండా అక్కడ లోహపు వల గొట్టం ఉంచారు. దాన్నే స్టెంటు అంటారు.

పూర్వం ఈ పని ఎక్కువగా గజ్జల దగ్గర, తొడ నాళం నుంచి చేసేవారు. అది పెద్ద నాళం. లోతుగా ఉంటుంది. రక్తం కారితే ఆపడం కష్టం. రోగి గంటల తరబడి కాలు కదపకుండా పడుకోవాలి. మణికట్టు నాళం చర్మం కిందే ఉంటుంది. దాని కింద ఎముక ఉంటుంది. అందుకే గట్టిగా నొక్కితే రక్తం ఆగుతుంది.

1989లో కెనడాలోని మాంట్రియల్ డాక్టరు లూసియెన్ కాంపో, మణికట్టు నుంచి గుండె నాళాలను పరీక్షించిన సంగతి ప్రకటించారు. 1992లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టరు కీమెనై ఇదే దారిలో పూడికను తెరిచారు. ఇప్పుడు మన దగ్గరా చేస్తున్నారు. కొందరికి ఈ నాళం మరీ సన్నగానో, వంకరగానో ఉంటుంది. వాళ్లకు తొడ నుంచే చేస్తారు.

పెద్దాయన మణికట్టుకు పట్టీ బిగించారు. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. రెండో చేత్తో మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

ఇంటికి పోయేటప్పుడు, "దారి తెరిచారు కదా! ఇంకా ఈ మాత్రలెందుకు?" అన్నాడు.

"మాత్రలు మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. మేం చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు. చుట్ట మాత్రం ఈరోజే మానెయ్యి" అన్నాడు డాక్టరు.

భార్య చుట్టల కట్ట తీసి చెత్తబుట్టలో పడేసింది.

గుర్తుంచుకోండి

* ఛాతీలో బరువు, నొప్పి, చెమట ఉంటే గ్యాసు అనుకుని ఆగకండి. 108కి ఫోను చేయండి.
* ఆలస్యమైన కొద్దీ గుండె కండరం చచ్చిపోతుంది.
* సూది గుచ్చిన చేత్తో కొద్ది రోజులు బరువులు ఎత్తకండి.
* అక్కడ రక్తం కారితే వేలితో గట్టిగా నొక్కి పట్టండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చెప్పండి

1. పెద్దాయన ప్రాణం దక్కడానికి ముందుగా ఎవరు కారణం? ఎందుకు?
2. మణికట్టు నాళం వాడినా చేతికి రక్తం ఎలా అందుతుంది?
3. స్టెంటు వేసిన తర్వాత మాత్రలు ఎందుకు మానకూడదు?