ఏబీ అంటే సున్నా కాదు

తమ్ముళ్లూ, ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు లేని మాలాంటివాళ్లకు సందేహం వస్తే ల్యాబే దిక్కు. అక్కడ 'ఆర్' నేర్చుకుంటూ మేము ఒక హాస్టల్ తమ్ముడి ఐదు పరీక్షల మార్కులు ఎక్కించాం: 62, 48, ఏబీ, 55, 71. మూడో పరీక్ష నాడు వాడికి జ్వరం.

యాజ్ డాట్ న్యూమరిక్‌తో అంకెలుగా మార్చి సగటు అడిగితే 3 వచ్చింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క ఏబీ ఉన్నందుకు ల్యాబ్‌లోని పాత ఆర్ కాలమ్ మొత్తాన్నీ 'ఫ్యాక్టర్'గా చదివింది. మార్కులు పోయి వాటి వరుస సంఖ్యలు 3, 1, 5, 2, 4 మిగిలాయి. (2020లో వచ్చిన 4.0.0 నుంచి మామూలు అక్షరాలుగానే చదువుతుంది.)

ముందు యాజ్ డాట్ క్యారెక్టర్, ఆ తర్వాతే న్యూమరిక్ వాడాలి. హెచ్చరిక వస్తుంది, కంగారుపడకండి. ఏబీ చోట 'ఎన్ఏ' చేరుతుంది. ఇప్పుడు మీన్ అడిగినా ఎన్ఏ అనే చెబుతుంది. 'ఎన్ఏ డాట్ ఆర్ఎమ్ ఈక్వల్స్ ట్రూ' అని చేరిస్తే 236ను 4తో భాగించి 59 ఇస్తుంది.

మాలో ఒకరు తొందరపడి ఏబీ చోట సున్నా వేశారు. సగటు 47.2! జ్వరం వచ్చిన పాపానికి తమ్ముడి సెకండ్ క్లాసు పోయింది.

ప్లాట్‌లో టైప్ 'ఓ' పెడితే రెండో పరీక్షకూ నాలుగో పరీక్షకూ మధ్య గీత తెగుతుంది. అతికించకండి. ఆ ఖాళీలో 'రాలేదు' అని రాస్తే చాలు.