గోడకు నెమ్ము, రొమ్ముకు నెమ్ము

గోడకు పట్టిన చెమ్మను నెమ్ము అంటాం. పసిపిల్లల రొమ్ము పట్టేస్తే దాన్నీ నెమ్మే అంటాం. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి శ్వాస బాధలు, శ్వాసకోశ అంటువ్యాధులు, ఉబ్బసం ముదరడం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో తెలిపింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల బాబు మరణించాడు. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడమే కారణమని 2022 నవంబరులో విచారణలో తేలింది. కనుక పడకగదిలో మరక కనిపిస్తే, అది ఎక్కడి నీరో ముందు తెలుసుకోవాలి.

చలికాలంలోనే ఎందుకు?

వేడిగాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. 15 డిగ్రీల వద్ద 13 గ్రాములే. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు డిసెంబరు, జనవరి రాత్రులు చలికి తలుపులు, కిటికీలు బిగించి నలుగురం ఒకే గదిలో పడుకుంటాం. మన ఊపిరి, చెమట, లోపల ఆరేసిన బట్టలు అన్నీ గాలికి ఆవిరిని చేరుస్తాయి. ఆ గాలి చల్లని గోడకు తగలగానే ఆవిరి నీరవుతుంది. చల్లని నీళ్ల చెంబుకు చెమట పట్టినట్టే ఇది.

మూడు రకాల మరకలు

1. గోడ చెమట: గది పై మూలల్లో, బీరువా వెనుక, ఎండ తగలని ఉత్తరపు గోడ మీద వస్తుంది. తెల్లవారుజామున తడిగా ఉండి మధ్యాహ్నానికి ఆరుతుంది. నల్లని చుక్కల బూజు ఉంటుంది.

2. నేల చెమ్మ: గోడ అడుగు నుండి నడుము ఎత్తు వరకు పాకుతుంది. తెల్లని ఉప్పు పూసి, సున్నం రాలుతుంది.

3. కారుడు: శ్లాబు మీద గోధుమరంగు అంచుతో మరక. వానకు పెరిగితే శ్లాబు పగులు. వాన లేకున్నా పెరిగితే నీళ్ల ట్యాంకు లేక పైపు. చలికాలంలో వాన ఉండదనుకోవద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన ప్రాంతాన్నీ తడిపింది.

రేకుల ఇంట్లో వాన లేని రాత్రి కూడా రేకు అడుగంతా చెమర్చితే అది గోడ చెమట వంటిదే. వానలో మేకు రంధ్రాల దగ్గర మాత్రమే కారితే అది కారుడు.

ఇంట్లోనే పరీక్ష

మరకను పొడిబట్టతో తుడిచి ఆరనివ్వండి. దాని మీద మూరెడు పాలిథిన్ కాగితం పరచి, నాలుగు అంచులూ టేపుతో అతికించండి. రెండు రాత్రుల తరువాత చూడండి. గది వైపు తడి ఉంటే గాలిలోని ఆవిరి. గోడ వైపు తడి ఉంటే గోడలో నీరు. రెండు వైపులా ఉంటే రెండూ ఉన్నట్టే. మరక అంచును పెన్సిలుతో గీసి, వారం తరువాత పెరిగిందేమో కూడా చూడండి. లేవీయకాండము 14వ అధ్యాయంలోనూ పొడ ఉన్న ఇంటిని ఏడు దినాలు మూసి, మరల చూడమనే ఉంది.

ఏమి చేయాలి?

గోడ చెమట అయితే పొద్దున్నే అరగంట ఎదురెదురు కిటికీలు తెరవండి. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. తడిబట్టలు బయట ఆరేయండి. నేల చెమ్మ అయితే గోడ పక్కన పేరుకున్న మట్టిని తీసి, స్నానాల నీటిని దూరంగా మళ్లించండి. పైన సిమెంటు పూస్తే చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. కారుడు అయితే పగులునో పైపునో ముందు బాగుచేయించాలి. సున్నం వేస్తే మరక దాగుతుంది గాని చెమ్మ పోదు.

బూజును ముక్కుకు గుడ్డ కట్టుకొని సబ్బునీటితో తుడవండి. ఆ సమయంలో పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని బయట ఉంచండి.

రెండు జాగ్రత్తలు

గది ఆరాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దగ్గు రెండు వారాలు దాటితే చెమ్మ మీద నెపం వేసి ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. బిడ్డకు ఎగశ్వాస ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకొని రండి. గోడ సంగతి తరువాత చూడవచ్చు.